మల మార్పిడి చికిత్స మా బాపుకు పనిచేస్తదా?

హన్మకొండ నుంచి వచ్చిన ప్రశ్న: యాంటీబయాటిక్స్ వాడినప్పటి నుంచి బాపుకు విరేచనాలు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి, మల మార్పిడి (ఆరోగ్యవంతుడి మలాన్ని రోగి పేగులోకి ఎక్కించడం) చేయించవచ్చా?

ముందు మలపరీక్షలో సి. డిఫిసిల్ (యాంటీబయాటిక్స్ తర్వాత పేగులో పెరిగి విరేచనాలు తెచ్చే బాక్టీరియా) టాక్సిన్, అంటే దాని విషం, ఉందో లేదో తేల్చుకోండి. మన దగ్గర అమీబా, పేగు టీబీ కూడా ఇలాగే మోసం చేస్తాయి. సి. డిఫిసిల్ తిరగబెట్టినవాళ్లకే ఈ చికిత్సపై గట్టి రుజువుంది. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో 16 మందిలో 13 మందికి ఒక్క డోసుతోనే నయమైంది. యాంటీబయాటిక్ చంపేసిన మంచి బాక్టీరియా తిరిగి చేరితే పిత్తరసాన్ని మార్చి, ఈ క్రిమి బీజాలు మొలకెత్తకుండా ఆపుతుంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) కొందరికే ఫలితం. ఐబీఎస్‌కైతే (పేగులో పుండ్లు లేకున్నా కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వచ్చే సమస్య) నేను సిఫారసు చేయను.

సుమారు 50 గ్రాముల దాత మలాన్ని సెలైన్‌లో కలిపి, వడకట్టి, కొలనోస్కోపీతో పెద్దపేగు మొదట్లో వదులుతారు. సి. డిఫిసిల్‌కు వాడే యాంటీబయాటిక్ వాంకోమైసిన్‌ను డాక్టరు చెప్పినట్టు ఒకటి రెండు రోజుల ముందే ఆపాలి, లేకుంటే ఎక్కించిన బాక్టీరియా కూడా చస్తుంది.

అసలు ప్రమాదం దాతతోనే. హెచ్ఐవీ, హెపటైటిస్, పరాన్నజీవులతోపాటు మందులకు లొంగని బాక్టీరియాకూ పరీక్షించాలి. ఆ చివరి పరీక్ష చేయని దాత మలం వల్ల అమెరికాలో ఒకరు చనిపోయారని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. యూట్యూబ్ చూసి ఇంట్లో మిక్సీ పట్టే పని అస్సలు వద్దు.