విశాఖ కానాగంత, మంగళూరు కానాగంత ఒకే స్టాకా? డీఎన్ఏతో తేల్చడం ఎలా?

మీరు విశాఖలో 20, మంగళూరులో 20 కానాగంత చేపలు తీసుకుని మైటోకాండ్రియా డీఎన్ఏ చదివించారు. ఎఫ్‌ఎస్‌టీ (రెండు గుంపుల మధ్య జన్యు తేడాను కొలిచే అంకె) దాదాపు సున్నా వచ్చింది. బంగాళాఖాతం, అరేబియా సముద్రం రెండింట్లోనూ ఉన్నది ఒకే స్టాక్ (తనలో తానే పిల్లలు పెట్టి పెరుగుతూ, వేట లెక్కల్లో ఒక్కటిగా చూసే గుంపు) అని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు. రాయకండి. ఆ అంకెకు అంత మాట చెప్పే శక్తి లేదు.

కేంద్రక జన్యువులకు వాడే పాత సూత్రంతో లెక్క కట్టండి: ఎఫ్‌ఎస్‌టీ = 1/(4ఎన్ఎమ్+1). ఎన్ఎమ్ అంటే తరానికి వలస వచ్చి పిల్లలు పెట్టే చేపల సంఖ్య. తరానికి 10 చేపలు వలస వచ్చి పిల్లలు పెడితే 0.024, 100 వస్తే 0.0025. 20 చేపల నమూనాతో 0.0025కీ సున్నాకీ తేడా పట్టలేం. కానీ విశాఖ తీరంలో వేటెక్కువై చేప తగ్గిపోతే, పడమర నుంచి వచ్చే ఆ 100 చేపలు లోటు పూడుస్తాయా? జన్యుపరంగా ఒకటిగా కనిపించేవి వేట నిర్వహణకు వేర్వేరు స్టాకులు కావచ్చు.

పైగా ఈ రెండు సముద్రాల మధ్య దారి రుతువుతో మారుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా తూర్పు తీర ప్రవాహం దక్షిణానికి పారి, శ్రీలంకను చుట్టి, ఉప్పు తక్కువున్న బంగాళాఖాతం నీటిని కేరళ వైపు తీసుకెళుతుంది. నైరుతి రుతుపవనాల్లో శ్రీలంకకు దక్షిణంగా ప్రవాహం తూర్పుకు తిరుగుతుంది. సెకనుకు 20 సెంటీమీటర్ల ప్రవాహంలో చేపపిల్ల రోజుకు సుమారు 17 కిలోమీటర్లు, 25 రోజుల్లో 430 కిలోమీటర్లు కొట్టుకుపోగలదు. విశాఖ నుంచి మంగళూరు దాకా ఒక్క విడతలో చేరలేదు కాబట్టి మధ్య రేవులే కీలకం. కాకినాడ, చెన్నై, తూత్తుకుడి, కొచ్చి కలపండి. దూరంతో పాటు తేడా మెల్లగా పెరుగుతోందా, శ్రీలంక దగ్గర ఒక్కసారిగా విరుగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం 120 మీటర్లు తక్కువగా ఉండి పాక్ జలసంధి నేలగా ఉండేది. ఆనాటి ఎడబాటు గుర్తును నేటిదనుకుంటే పొరబాటు.

ముందు జాతి తేల్చుకోండి. రాస్ట్రెల్లిజర్ కానగుర్త అన్న శాస్త్రీయ నామంలో రెండో మాట మన తెలుగే. పాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేసిన విశాఖ చేపల వివరాల్లోని పేరునే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త కువియే 1816లో ఖాయం చేశాడు. నోరు తెరిస్తే మొప్పల దువ్వెన పళ్లు ఈకల్లా పొడవుగా కనబడాలి. దాని దగ్గరి చుట్టమైన మరో జాతి రాస్ట్రెల్లిజర్ ఫౌనీలో అవి పొట్టివి. ఒక్క ఫౌనీ కలిసినా లెక్క తారుమారవుతుంది, కాబట్టి అనుమానం వచ్చిన ప్రతి చేపకూ సుమారు 650 బేసుల (డీఎన్ఏ అక్షరాల) సీఓఐ బార్‌కోడ్, అంటే జాతిని గుర్తుపట్టే జన్యువు ముక్క చదివే పరీక్ష, చేయించండి.

అసలు పనులు చెడేది నమూనా దగ్గరే. మార్కెట్‌లో కొనొద్దు. ఐసు లారీలో ఏ తీరం సరుకైనా వస్తుంది. రేవులో బోటు దగ్గరే తీసుకుని, వల ఎక్కడ వేశారో, ఎన్ని రోజుల వేటో సరంగును అడిగి రాసుకోండి. రేవుకు 40 నుంచి 50 చేపలు, ఒక్క వల సరుకు కాకుండా కనీసం మూడు బోట్ల నుంచి. గుడ్డు పండిన చేపలైతే మరీ మంచిది, ఎందుకంటే మేతకు వచ్చిన గుంపులో రెండు స్టాకులు కలిసుండొచ్చు. రెండో ఏడాది మళ్లీ తీయండి. ఏడాదికీ ఏడాదికీ మధ్య తేడా, తీరానికీ తీరానికీ మధ్య తేడా ఒకే పరిమాణంలో ఉంటే అది తీరాల తేడా కాదు.

రొమ్ము రెక్క నుంచి బఠాణీ గింజంత ముక్క చాలు. 2 మిల్లీలీటర్ల ట్యూబులో 95 శాతం ఇథనాల్ పోయండి, ముక్క అందులో అయిదో వంతు దాటకూడదు. మర్నాడు ఇథనాల్ మార్చండి, లేకపోతే చేపలోని నీరు దిగి స్పిరిట్ పలచబడి డీఎన్ఏ విరుగుతుంది. ఫార్మలిన్ తగలనివ్వొద్దు. చీటీ పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపల వేయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. చేపకూ చేపకూ మధ్య కత్తెర తుడిచి మంటలో కాల్చండి.

ఈసారి మైటోకాండ్రియా ఒక్కటే సరిపోదు, అది తల్లి వైపు కథే చెబుతుంది. కేంద్రక డీఎన్ఏలో వేల ఎస్‌ఎన్‌పీలు (ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు) చదివించండి. విశాఖవి ఒక ప్లేటులో (ల్యాబులో చాలా నమూనాలను ఒకేసారి పెట్టి నడిపే గుంటల పలకలో), మంగళూరువి ఇంకో ప్లేటులో మాత్రం పెట్టొద్దు. ప్లేటుల మధ్య వచ్చే తేడా సముద్రాల తేడాలా కనిపిస్తుంది. అన్ని రేవులవీ ప్రతి ప్లేటులో కలిపి పెట్టి, కొన్ని చేపలను రెండుసార్లు చదివించి చూడండి. ఇప్పుడున్న 40 చేపల ఫలితానికైతే థీసిస్‌లో ‘తేడా లేదు’ అని కాకుండా, ‘ఈ నమూనాతో తేడా పట్టుబడలేదు’ అని రాసి, ఎంత చిన్న తేడా వరకు పట్టగలిగేదో లెక్క పక్కనే ఇవ్వండి.