ఏడు సైట్లు, ఒక్క సాక్షి

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

దివిసీమ ఉప్పెన మీద నువ్వు పంపిన మొదటి అధ్యాయం రాత్రి చదివాను. మృతుల లెక్క దగ్గర ఆగిపోయాను. ఆధారంగా ఏడు సైట్లు ఇచ్చావు కదా, ఏడూ తెరిచి చూశాను. అన్నిట్లోనూ అదే పేరా, కామాలతో సహా. ఒక అచ్చుతప్పు కూడా ఏడుచోట్లా పదిలంగా ఉంది! అంటే నీకున్నది ఏడుగురు సాక్షులు కాదు, ఒక్కడే. వాడెవడో కూడా తెలీదు. తాళపత్ర ప్రతులు పరిష్కరించే పండితులు ఏది దేన్ని చూసి రాశారో ఇలాంటి తప్పుల్ని బట్టే పట్టుకునేవాళ్లు.

1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెనలో పోయినవాళ్లు పదివేలని ఒకచోట, అంతకు ఎన్నో రెట్లని మరోచోట కనిపిస్తుంది. ఏది నిజమని నన్నడక్కు. ఎవరు లెక్కపెట్టారు, ఎప్పుడు, దేనికోసం అన్నది చూడు. పరిహారం కోసం రాసుకున్న లెక్క వేరు, ఆ వారంలో విలేకరులు విని రాసింది వేరు. రెండూ పక్కపక్కన పెట్టి, ఎవరి మాట వాళ్ల పేరనే రాయి.

మండలాలు వచ్చింది 1985లో. 1977 నాటిదని చెప్పే నివేదికలో ‘నాగాయలంక మండలం’ అని కనిపించిందా, అది తర్వాతెవరో రాసిందే. పాత కాగితాలకు తాలూకా పేరుతో వెతుకు. ఊరి పేరు ఇంగ్లీషులో రెండుమూడు స్పెల్లింగులతో కొట్టి చూడు.

మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌లో అవి ఉచితం. మొత్తం చదవక్కర్లేదు, ముందు చివర్లో గ్రంథసూచి చూడు. వికీపీడియానీ అంతే, కింద మూలాల్లోకి దిగు. ఏఐ మాత్రం లేని పుస్తకానికి కూడా పేజీ నంబరు చెప్పేస్తుంది, జాగ్రత్త.

నవ్వకు గానీ, ఓసారి నెట్‌లో దొరికిన ఫోటోని ఉప్పెన ఫోటో అని క్లాసులో గొప్పగా చూపించాను. మూలన సెల్ టవర్ ఉందని ఓ పిల్లాడు వేలుపెట్టి చూపించేదాకా నాకు కనపళ్లేదు.

సంక్రాంతికి రా, అవనిగడ్డ వైపు వెళ్దాం. ఆ రాత్రి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టేముందు మాత్రం వాళ్లనడిగి పెట్టు.

మామయ్య