డీటీపీ దుకాణానికి ఏ ఆపరేటింగ్ సిస్టం?

ప్రశ్న: అల్లిపురంలో పదిహేనేళ్లుగా చిన్న డీటీపీ దుకాణం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు అర్జీలు మా పని. 2014లో కొన్న కంప్యూటరుకు విండోస్ 11 ఎక్కదన్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకోమంటోంది, అందులోనూ పూర్తి స్వేచ్ఛ ఉన్నదాన్నే ఎంచుకోవాలంటూ ఉబుంటు, డెబియన్, ట్రిస్క్వెల్ అని అందులోని మూడు రకాల పేర్లు రాసిచ్చింది. ఏది వేసుకోమంటారు? విండోస్‌కు కూడా నేను విడిగా డబ్బు కట్టింది లేదు కదా, ఈ స్వేచ్ఛ వల్ల నాకు కొత్తగా ఒరిగేదేమిటి?

– ఒక పాఠకుడు, అల్లిపురం, విశాఖపట్నం

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎవరో ఫార్మాట్ కొట్టి వేసిచ్చిన విండోస్‌కు మీరు డబ్బు కట్టకపోయి ఉండవచ్చు గానీ, అది లోపల ఏం చేస్తోందో చూసే వీలు, దాన్ని మార్చుకునే వీలు, పక్క దుకాణం వారికి దొరలా కాపీ ఇచ్చే వీలు మీకు ఏనాడూ లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఫ్రీ’ అనే ఒకే మాట ఉండటంతో అక్కడివారు ఈ తేడా వివరించడానికి నానా అవస్థా పడతారు. మనకు ఆ ఇబ్బంది లేదు. 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం ప్రాజెక్టును ప్రకటించడంతో మొదలైన ఉద్యమం, ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, దాని సోర్సు కోడ్ (ప్రోగ్రామరు రాసిన మూల పాఠం) చదివి మార్చుకోవడం, కాపీలు పంచడం, తాను మార్చినదాన్ని కూడా పంచడం అనే నాలుగు హక్కులూ వాడేవారి చేతిలో ఉండాలంటుంది. మీరు కోడ్ చదవకపోయినా ఈ హక్కుల ఫలితం మీకు అందుతుంది. నిక్షేపంగా నడుస్తున్న మీ కంప్యూటరుకు కాలం చెల్లిందని తేల్చింది మీరు కాదు, అమ్మిన కంపెనీ. సోర్సు అందరి దగ్గరా ఉన్న చోట, ఒకరు వదిలేసిన పనిని మరొకరు అందుకోవచ్చు.

ఇక మూడు పేర్ల సంగతి. ట్రిస్క్వెల్‌ను ఈ ఉద్యమ సంస్థ అయిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదించింది. అందులో స్వేచ్ఛ లేని ముక్క ఒక్కటీ ఉండదు, సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని మూసిన (అంటే సోర్సు చూపని) ఫర్మ్‌వేర్‌ను, అంటే వైఫై చిప్ లాంటి పరికరాల లోపల నడిచే ప్రోగ్రామును కూడా ఏరి తీసేస్తారు. ఉబుంటు 2004 నుంచి వస్తోంది, వేసుకోవడం తేలిక, కానీ పరికరాలను నడిపే మూసిన డ్రైవర్లను తానే ముందుకు తెచ్చి పెడుతుంది, ప్రోగ్రాములు అందించే దాని స్నాప్ స్టోరును నడిపే సర్వర్ సాఫ్ట్‌వేరు కూడా తెరిచి లేదు. డెబియన్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. ప్రధాన భాండాగారంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఉంటుందని 1997 నాటి సామాజిక ఒడంబడికలో మాట ఇచ్చిన ఆ సంస్థ, స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేరును మాత్రం, 2022లో సభ్యుల ఓటింగు జరిగాక, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి ఇన్‌స్టాలర్‌లోనే చేర్చి ఇస్తోంది.

మీరు ట్రిస్క్వెల్‌ను పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటరును ఒకసారి తెరిచి చూడండి. వైఫై గుర్తు కనిపించి నెట్ అందితే మీ అమ్మాయి మాటే నెగ్గింది, అదే వేసుకోండి. కనిపించకపోతే రెండు దారులున్నాయి. ఏఆర్9271 చిప్ ఉన్న చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొనుక్కోవచ్చు, దాని ఫర్మ్‌వేర్ కూడా 2013 నుంచి స్వేచ్ఛగానే దొరుకుతోంది. లేదంటే డెబియన్ వేసుకుని, మూసిన ముక్క ఫలానా చిప్‌కు చెందినదని తెలిసి ఉండటంతో సరిపెట్టుకోవచ్చు. ఈ రెండు దారుల్లో, దుకాణానికి నేనైతే డెబియనే వేస్తాను. ప్రింటరును కూడా ఆ పెన్‌డ్రైవుతోనే పరీక్షించండి. డీటీపీ దుకాణాల్లో తరచూ కనబడే కానన్ ఎల్‌బీపీ 2900 లాంటివి ఆ కంపెనీ సొంత పద్ధతిలోనే పనిచేస్తాయి కాబట్టి లినక్స్‌లో మొండికేస్తాయి. పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాష తెలిసిన ప్రింటరుతో ఈ పేచీ ఉండదు.

అయితే మీ అసలు తాళం ఆపరేటింగ్ సిస్టంలో కన్నా మీ ఫైళ్లలో ఉంది. పేజ్‌మేకరులో అను ఫాంట్లతో చేసిన పాత శుభలేఖను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచి చూడండి. "శ్రీరస్తు శుభమస్తు" ఉండవలసిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి, ఎందుకంటే ఫైలులో ఉన్నవి నిజానికి అవే; తెలుగు కేవలం ఫాంటు వేసిన వేషం. పేజ్‌మేకర్ 2001 నాటి 7వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. కనుక ముందు మార్చవలసినది రాత. పెళ్లి అయిపోయిన కార్డుల జోలికి పోకుండా, మళ్లీ మళ్లీ వాడే అర్జీల నమూనాలు, బిల్లు పుస్తకాలు, శుభలేఖల శ్లోకాలు మాత్రం కన్వర్టరుతో యూనికోడ్‌లోకి (ఏ ఫాంటులోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోకి) తెచ్చి, ఒత్తులు చెదిరాయేమో పక్కన పాత ప్రింటు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. పాత ఫైళ్ల కోసం మరో పాత కంప్యూటరు ఉంటే, దానికి నెట్ తీసేసి ఒక ఏడాది పాటు మూలన ఉంచుకోవడంలో తప్పు లేదు.

టైపింగు గురించి బెంగ వద్దు. మీ వేళ్లకు యాపిల్ కీబోర్డు అమరిక అలవాటైతే, లినక్స్‌లో టైపింగును చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ భాగాన్ని చేర్చుకుంటే తెలుగుకు యాపిల్ అమరికా, ఇన్‌స్క్రిప్టు అనే మరో అమరికా రెండూ వస్తాయి. పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్‌లోనే దొరుకుతాయి. అర్జీలకు లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు ప్రోగ్రాము చాలు. శుభలేఖలకు పేజీలు అమర్చే స్క్రైబస్ వాడవచ్చు, కానీ 1.6 లేదా ఆ తరువాతిదే తీసుకోండి, పాత 1.4లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడేవి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేసిచ్చినందుకు ఒక దుకాణదారుడు ఎనిమిది వందలు తీసుకున్నాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు డబ్బు తీసుకోవడం దాని సూత్రాలకే విరుద్ధం కాదా?

– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: కాదమ్మా. స్టాల్‌మన్ స్వయంగా 1985లో ఈమాక్స్ అనే తన రాత ప్రోగ్రామును టేపు మీద ఎక్కించి, ఒక్కోటి 150 డాలర్లకు అమ్మేవాడు. కాపీకి, కూలికి, సలహాకు డబ్బు అడగడాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సు అయిన గ్నూ జీపీఎల్ ఎక్కడా తప్పు పట్టదు. ఎనిమిది వందలు ఎక్కువా తక్కువా అన్నది మీ ఇద్దరి బేరం. మీ దగ్గరున్న కాపీని మీ తరగతి వారికి ఇవ్వకూడదని ఆ దుకాణదారుడు షరతు పెట్టి ఉంటే మాత్రం, ఆ షరతు చెల్లదని చెప్పి పెన్‌డ్రైవును ధైర్యంగా చేతులు మార్చండి.