టెక్ సందేహాలు: తంగేడు మెరిసింది, నీలం గునుగు ఎందుకు మాసింది?

ప్రశ్న: మాది హనుమకొండ. ట్యాబ్‌లో బతుకమ్మ బొమ్మ గీసి, మా కాలనీ మహిళల తరఫున పోస్టర్, ఆహ్వాన పత్రిక వేయించాను. తెర మీద రంగులద్దిన గునుగు నీలంగా, చిలకపచ్చగా ధగధగలాడింది. ఆఫ్‌సెట్‌లో నీలం ఊదాకు తిరిగింది, పచ్చ మాసినట్టు వచ్చింది. తంగేడు పసుపు మాత్రం బాగుంది. తప్పు ప్రెస్‌దా, నాదా? వచ్చే ఏడాది మళ్లీ ఇలా కాకూడదని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరిదీ తప్పు కాదమ్మా. మీరు వెలుగుతో గీశారు, వాళ్లు ఇంకుతో అచ్చేశారు.

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగులు చూపిస్తుంది. ఇదే ఆర్‌జీబీ. మూడూ నిండుగా వెలిగితే తెలుపు. కాగితం మీద లెక్క తిరగబడుతుంది. అక్కడ తెలుపు ముందే ఉంటుంది. దాని మీద పడిన ప్రతి ఇంకూ వెలుగులో కొంత మింగేస్తుంది. ప్రెస్‌లో ఉండేవి సయాన్ (ఆకాశనీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు, అంటే సీఎంవైకే. తంగేడు పసుపుకు ఒక్క ఇంకు చాలు, డబ్బాలోంచి నేరుగా కాగితం మీదికి వస్తుంది. అందుకే మెరిసింది. నీలానికి సయాన్, మెజెంటా రెండూ పడాలి. పచ్చకు సయాన్, పసుపు పడాలి. రెండు ఇంకులు కలిసి వెలుగును మింగాక తెర మీది ధగధగ మిగలదు.

కాబట్టి బొమ్మ మొదలుపెట్టకముందే ప్రెస్‌కు ఫోన్ చేసి, ఏ కాగితం, ఏ కలర్ ప్రొఫైల్ (ఆ ప్రెస్‌లో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) అని అడగండి. ఫొటోషాప్‌లో ‘ప్రూఫ్ సెటప్’లో ఆ ప్రొఫైల్ ఎంచుకుని కంట్రోల్, వై కలిపి నొక్కితే అచ్చులో ఎలా వస్తుందో దాదాపుగా తెర మీదే కనిపిస్తుంది. వాటితో పాటు షిఫ్ట్ కూడా నొక్కితే ఇంకుకు అందని రంగులు బూడిద రంగులో తేలతాయి. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ క్రితాలోనూ ఈ సౌకర్యాలున్నాయి. ట్యాబ్‌లో గీసినా, చివరి పని కంప్యూటర్‌లో చేసుకోండి. తెర వెలుతురు కాస్త తగ్గించి చూడండి. నిండు వెలుతురులో ఏ రంగైనా మోసం చేస్తుంది.

నీలం ఊదాకు తిరగకుండా ఒక కిటుకు: సయాన్ 100 శాతం ఉంటే మెజెంటాను 70 దాటనివ్వకండి. రెంటి మధ్య కనీసం 30 తేడా ఉండాలి.

ఇంకోటి. అసలు ఆర్‌జీబీ ఫైల్‌ను లేయర్లతో సహా దాచుకుని, దాని కాపీని మాత్రమే సీఎంవైకేలోకి మార్చండి. మార్చిన ఫైల్‌ను మళ్లీ ఆర్‌జీబీ చేసినా పోయిన రంగులు తిరిగి రావు.

అక్షరాల సంగతి మీరు అడగలేదు కానీ, నాకు రంగుల కన్నా దాని గురించే ఎక్కువ దిగులు. ఆర్‌జీబీ నలుపును మారిస్తే అది నాలుగు ఇంకులూ కలిసిన నలుపు అవుతుంది. ఇంకుకు ఒకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగు అంచులు వస్తాయి. ఇంగ్లిష్ అక్షరం దాన్ని కొంత తట్టుకుంటుంది. మన వత్తులు, గుడులు తట్టుకోలేవు. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) నేర్చుకునే రోజుల్లో నేనొక సావనీరు ఇలాగే చేసిచ్చాను. ‘లక్ష్మి’ అన్న పేరు కింది వత్తులు అలికేసినట్టు అచ్చయ్యాయి. ఆ పేజీ ఇప్పటికీ కళ్లముందు ఉంది. అక్షరాలకు నలుపు ఇంకు 100, మిగతా మూడూ సున్నా పెట్టండి. బొమ్మ యాప్‌లోనే అక్షరాలు రాయకుండా, కోరల్‌డ్రాలోనో ఇలస్ట్రేటర్‌లోనో ఉచిత స్క్రైబస్‌లోనో బొమ్మను పెట్టి దాని మీద టైపు చేయండి. అను ఫాంట్లు వాడితే ఇచ్చే ముందు అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే గీతల బొమ్మలుగా మార్చండి. ప్రెస్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరదు. తర్వాత దిద్దుబాట్లు కుదరవు కనుక మార్చని కాపీ ఒకటి దగ్గరుంచుకోండి.

బొమ్మ అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. కటింగ్ కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి, అంటే బొమ్మను అంచు దాటి అంత మేర పొడిగించండి. మొత్తం అచ్చుకు ముందు ప్రెస్‌లోనే ఒక ప్రూఫ్ (నమూనా ప్రతి) తీయించి, పగటి వెలుతురులో చూడండి.

ప్రశ్న: జనగామలో ఫొటో స్టూడియో పెట్టుకున్నాను. ల్యాబ్‌కు, ఫ్లెక్సీకి ఇచ్చే ఫైళ్లు కూడా సీఎంవైకేలోనే ఉండాలా?

జవాబు: ల్యాబ్‌కు వద్దు. ఫొటో పేపర్ మీద బొమ్మ దించే ల్యాబ్ మిషన్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతోనే పనిచేస్తాయి. ఎస్ఆర్‌జీబీ (తెరలకు వాడే మామూలు ఆర్‌జీబీ) జేపెగ్ ఇస్తే చాలు. ఫ్లెక్సీ మాత్రం ఇంకు పని, సీఎంవైకేలో ఇవ్వండి. దూరం నుంచి చూసేది కనుక అసలు సైజులో 72 నుంచి 100 డీపీఐ సరిపోతుంది. ఏ ఫైలైనా వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.