పికప్‌కి లిఫ్ట్ సొంతంగా బిగించుకోవచ్చా అంటే, ముందు ఇంచులు పక్కన పెట్టండి

పికప్‌కి 3 ఇంచుల సస్పెన్షన్ లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) ఇంట్లోనే బిగించుకోవచ్చా, ఏ కిట్ కొనాలి అని అడిగారు. 2 ఇంచుల దాకా అయితే బిగించుకోవచ్చు. నేను రెండు బళ్ళకి బిగించాను, మొదటిదానికి చేసిన తప్పులు రెండోదానికి చెయ్యలేదు. కానీ మీ ప్రశ్న "3 ఇంచులు" అనే అంకెతో మొదలైంది చూడండి, నా అభ్యంతరం అక్కడే. అందరూ ఎత్తు ముందు ఖాయం చేసుకుని తర్వాత కిట్ వెతుకుతారు. ముందు చూసుకోవాల్సింది బండి మీద ఎప్పుడూ ఉండే బరువు ఎంత అని. ముందు ఇనప బంపర్ ఉందా, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉందా, వెనక ట్రే ఖాళీగా తిరుగుతుందా లేక సామానుతోనే తిరుగుతుందా. స్ప్రింగ్ ఆ బరువుకి సరిపోవాలి. ఖాళీ బండికి బరువు బళ్ళ కమాన్ కట్టలు (ఇనప పట్టీలు పేర్చిన వెనక స్ప్రింగులు) వేస్తే ప్రతి చిన్న గుంతలోనూ వెనకభాగం గెంతుతుంది, అది చూసి షాకబ్జార్బర్లు బాలేవని వాటిని మార్చేవాళ్ళని చూశాను, తప్పు షాక్‌లది కాదు.

ఇంకోటి, వెనక డిఫరెన్షియల్ గుండుకి (యాక్సిల్ మధ్యలో చక్రాలకి శక్తి పంచే గేర్లు ఉండేది) రాళ్ళు తగులుతున్నాయని లిఫ్ట్ వేద్దామనుకుంటే ఆగండి. హైలక్స్, డీమ్యాక్స్ లాంటి కమాన్ కట్టల బండిలో వెనక యాక్సిల్ నేరుగా చక్రాల మీద కూర్చుంటుంది, మీరు పైన ఎంత లేపినా ఆ గుండు ఎత్తు మారదు. అది టైరుతోనే మారుతుంది, టైరు ఎత్తు 2 ఇంచులు పెరిగితే కింద గ్యాప్ 1 ఇంచు పెరుగుతుంది. లిఫ్ట్ వేసేది ఆ పెద్ద టైరు పట్టడానికి, బండి పొట్ట తగలకుండా ఉండడానికి, ఎక్కే దిగే కోణాలు పెరగడానికి.

నా మొదటి బండి సంగతి చెప్తా. ముందువైపుకి స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసి ఉండే భాగం) పైన పెట్టే స్పేసర్లు తెచ్చాను, ఇంచు మందం ఉన్న రెండు బిళ్ళలు. స్ట్రట్, చక్రాన్ని చాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ మీద దాదాపు మధ్యలో కూర్చుంటుంది కాబట్టి పైన 1 ఇంచు పెడితే చక్రం దగ్గర సుమారు 2 ఇంచులు లేస్తుంది, ఈ లెక్క తెలియక 2 ఇంచుల లిఫ్ట్‌కి 2 ఇంచుల స్పేసర్ కొనేవాళ్ళు ఉన్నారు. సరే, ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం, నేనూ మా బావమరిదీ. నేను చూసిన వీడియోలో ఒక్కో వైపూ అరగంట పని అన్నట్టు చూపించాడు. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రం తీసి, స్టెబిలైజర్ లింక్ విప్పి, పై బాల్ జాయింట్ (పై ఆర్మ్‌ని చక్రం వైపుకి కలిపే కీలు) నట్టు మొత్తం తీసేశాను. జాయింట్ ఊడలేదు. నకిల్ (హబ్బుని మోసే ఇనప ముక్క) చెంప మీద సుత్తితో రెండు దెబ్బలు, మూడో దెబ్బకి ఫట్‌మని వదిలింది, వదిలిన వెంటనే హబ్బు, డిస్కు, కాలిపర్ అన్నీ కలిపి బరువంతా బయటికి వాలిపోయింది. బ్రేక్ హోస్ తాడులా బిగిసింది, ఏబీఎస్ వైరు బిగిసింది, లోపల డిఫరెన్షియల్ దగ్గర టక్ అని ఒక చప్పుడు. టార్చ్ పట్టుకుని ఉన్న మా బావమరిది "బావా, లోపల ఏదో ఊడింది" అన్నాడు. నేను ఏం కాలేదులే అన్నా గానీ చేత్తో యాక్సిల్ షాఫ్ట్ పట్టుకుని చూస్తే అది లోపలికీ బయటికీ వదులుగా ఆడుతోంది. సీవీ లోపలి జాయింట్ (షాఫ్ట్ వంగుతూ తిరగడానికి ఉండే కీలు) దాని గిన్నెలోంచి బయటికొచ్చేసింది, పైన రబ్బరు బూటు ఉండబట్టి కనపడలేదు అంతే.

అక్కడితో ఆ రోజు పని ఆగిపోయింది. బూటు క్లాంపులు కోసి, గ్రీజు తుడిచి, రోలర్లు ఒక్కొక్కటీ చూసి మళ్ళీ కూర్చోబెట్టి, కొత్త గ్రీజు, కొత్త క్లాంపులు వేసేసరికి బండి మూడు రోజులు స్టాండ్ల మీదే ఉంది. ఇది జరగకుండా ఉండడానికి కావాల్సింది ఒక్క పట్టీ. బాల్ జాయింట్ వదిలించే ముందు నకిల్‌ని పైన చాసిస్‌కి గట్టి పట్టీతో కట్టెయ్యాలి, నట్టు మొత్తం తియ్యకుండా నాలుగు చుట్లు ఉంచి దెబ్బ కొట్టాలి, బ్రేక్ హోస్ బ్రాకెట్, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే విప్పి పెట్టాలి. ఆ వీడియోలో ఈ ముక్క లేదు, జాయింట్ ఊడిన క్షణం దగ్గర కట్ చేసి తర్వాత సీన్‌లో స్ట్రట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటి వీడియోలు చేసేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం, కష్టమైన చోటే కట్ చేస్తే చూసి నేర్చుకునేవాడి గతేంటి.

రెండో తప్పు అప్పటికప్పుడు తెలీలేదు. కింది ఆర్మ్ బోల్టులు వదులు చేశాం కదా, వాటిని చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశాను. ఆ బోల్టు దూరే బుష్‌లో రబ్బరు లోపలి ఇనప గొట్టానికి అతికి ఉంటుంది. ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే గొట్టం ఆ కోణంలోనే లాక్ అవుతుంది, బండి నేల మీద దించగానే రబ్బరు మెలిపడి ఇక ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది. కొన్ని నెలలకి కీచుమని చప్పుడు మొదలైంది, తీసి చూస్తే రెండు వైపులా రబ్బరు చీలిపోయి ఉంది. వేలాడుతున్నప్పుడు చేత్తో తిరిగేంత మాత్రమే పెట్టి, బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాక, ముందూ వెనకా కొంచెం కదిలించాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) బిగించాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ మాట లేదు, టార్క్ అంకెలు కూడా లేవు. మీ బండి సర్వీస్ మాన్యువల్ ముందు సంపాదించండి, కిట్ తర్వాత.

ఏ కిట్ అంటే, నా ఉద్దేశంలో పైన పెట్టే స్పేసర్ అసలు కొనొద్దు. అది షాక్‌ని మొత్తంగా కిందికి జరుపుతుంది, చక్రం గుంతలోకి జారినప్పుడు కంపెనీ పెట్టిన హద్దు దాటి జారుతుంది, అక్కడ సీవీ జాయింటు, బాల్ జాయింటు రెండూ వాటికి తగని కోణంలో పనిచేస్తాయి. గుంతల్లో తిరిగే బండికి అదెలా మంచిది? స్ప్రింగూ షాకూ కలిపి ముందే బిగించి అమ్మే అసెంబుల్డ్ స్ట్రట్ తీసుకోండి. పాత స్ట్రట్ విప్పి స్ప్రింగ్ మార్చుకుందాం అనుకుంటారేమో, కొక్కాల స్ప్రింగ్ కంప్రెసర్‌తో ఇంట్లో ఆ పని చెయ్యొద్దు, నొక్కిపెట్టిన స్ప్రింగ్‌లో కొన్ని వందల కిలోల బలం ఉంటుంది, కొక్కెం జారితే చెయ్యి పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఎత్తు 2 ఇంచులు చాలు, అది దాటితే చాలా బళ్ళలో పై ఆర్మ్‌లు మార్చాల్సి వస్తుంది, డిఫరెన్షియల్ కిందికి దించే బ్రాకెట్లు కూడా కావాల్సి రావచ్చు, ఇంటి పని కాదది.

వెనకభాగం లేపడానికి పెట్టే బ్లాకుల మీద కూడా నాకు మంచి అభిప్రాయం లేదు. యాక్సిల్‌కీ కట్టకీ మధ్య బ్లాక్ ఎంత ఎత్తు ఉంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ అంతగా మెలితిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చడం అయితే ఎవరు చెప్పినా చెయ్యొద్దు. కమాన్ కట్టలో ఒక ఇనప పట్టీ అదనంగా వెయ్యండి, లేదా మొత్తం కట్ట మార్చండి. యాక్సిల్‌ని కట్టకి పట్టి ఉంచే యూ బోల్టులు మాత్రం కొత్తవే, ఒకసారి బిగించిన యూ బోల్టు సాగిపోయి ఉంటుంది, దాన్నే మళ్ళీ వాడితే పట్టు నిలవదు. యాక్సిల్ దించేటప్పుడు దాని కింద వేరే జాకీ ఉండాలి, బ్రేక్ హోస్‌కి వేలాడకూడదు. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి చాసిస్‌కి ఒక కడ్డీతో బ్రేక్ వాల్వ్ ఉంటుంది, బరువుని బట్టి వెనక బ్రేకు సర్దేది. వెనకభాగం లేపితే ఆ వాల్వ్ ట్రే ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది, కాబట్టి లేపినంత మేర దాని బ్రాకెట్ కూడా జరపాలి. నేను అడిగిన వాళ్ళలో సగం మందికి ఆ కడ్డీ ఉందనే తెలీదు.

అలైన్‌మెంట్ గురించి ఒక బాధ ఉంది. లిఫ్ట్ అయ్యాక ఒక చోటికి తీసుకెళ్తే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి అయిపోయింది తీసుకెళ్ళండి అన్నారు. దారిలో స్టీరింగ్ తిప్పి వదిలితే తిరిగి మధ్యకి రావట్లేదు, స్పీడ్‌లో బండి తేలుతున్నట్టు అటూ ఇటూ పోతోంది. అది క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గడం. ఇంకో చోట చేయిస్తే క్యాస్టర్, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం) సర్దాక బండి దారికొచ్చింది. సర్దినాక అంకెల కాగితం ఇమ్మని అడగండి, ఇవ్వకపోతే అక్కడ చేయించొద్దు. అదే రోజు హెడ్‌లైట్లు కూడా దించండి, దయచేసి. ముందుభాగం లేస్తే లైటు ఎదుటివాడి కళ్ళలోకే కొడుతుంది, లిఫ్ట్ వేసినవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండు స్క్రూలు ముట్టుకోరు, నేను కారులో ఎదురొచ్చినప్పుడు ఎన్నిసార్లు కళ్ళు మూసుకోవాల్సొచ్చిందో.

మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి, టైరు గాలితో సంబంధం లేని కొలత అది. పని అయ్యాక వెంటనే కొలవొద్దు, రెండు రోజులు తిప్పి కొలవండి. కొన్ని వందల కిలోమీటర్లయ్యాక యూ బోల్టులూ కింది ఆర్మ్ బోల్టులూ మళ్ళీ టార్క్ చూడండి, నా రెండో బండిలో వెనక ఎడమవైపు ఒక యూ బోల్టు నట్టు దాదాపు పావు చుట్టు తిరిగింది.