జేడ్ కొమ్మలు ఎందుకు కుళ్లిపోతున్నాయి?

ప్రశ్న: గుంటూరులో ఉండే మా చెల్లెలు నాలుగు జేడ్ (దళసరి ఆకులుండే కుండీ మొక్క) కొమ్మలు తుంచి ఇచ్చింది. ఆ రోజే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలో గుచ్చి, ఎండిపోతాయేమోనని రోజూ నీళ్లు పోశాను. పది రోజులకు మూడు కొమ్మలు మొదట్లో నల్లబడి మెత్తగా అయిపోయాయి. నాలుగోది పైకి పచ్చగానే ఉంది. దాన్నైనా బతికించుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కోసిన చోటు ఆరకముందే నాటి, రోజూ నీళ్లు పోయడం వల్లే మిగతావి కుళ్లాయి. నాలుగోదాన్ని బతికించుకోవచ్చు, కానీ ఈ రోజే కుండీలోంచి తీసేయండి. మట్టి దులిపి, పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, కోసిన చోట అంతా లేతాకుపచ్చగా కనిపించేదాకా మొదలు నుంచి కొంచెం కొంచెంగా కోస్తూ పోండి. మధ్యలో ఆవగింజంత గోధుమరంగు చుక్క మిగిలినా కుళ్లు అక్కణ్ణుంచే మళ్లీ పాకుతుంది, అందుకని కొమ్మ పొట్టిదైపోతోందని మధ్యలో ఆపేయకండి. రెండు కణుపులున్న ముక్క మిగిలినా చాలు.

ఇప్పుడు దాన్ని వెంటనే నాటొద్దు. నీడలో, గాలి తగిలేచోట కాగితం మీద పడేయండి. కోసిన చోట గాయం మానినట్టు గట్టి పొర కట్టాలి, వేలితో తాకితే పొడిగా, కాస్త గరుగ్గా తగలాలి. మామూలుగా నాలుగైదు రోజులు పడుతుంది, మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి, ముసురు రోజుల్లో అయితే పది రోజులైనా ఆగాల్సిందే. నేనూ ఓ జులైలో ఆగలేక రెండో రోజే నాటేసి కొమ్మలన్నీ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈలోగా ఎండిపోతుందని టెన్షన్ పడకండి. జేడ్ పుట్టిల్లు దక్షిణాఫ్రికా, అక్కడి వానలేని రోజులకి సరిపడా ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది, ఆకుల రంధ్రాలు కూడా ఎక్కువగా రాత్రిపూటే తెరుస్తుంది కాబట్టి వేళ్లు లేకపోయినా వారాల తరబడి నెట్టుకొస్తుంది.

మట్టికి ముతక ఇసుక రెండు వంతులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు చాలు, ఎరువు ఇప్పుడు అక్కర్లేదు. ప్లాస్టరింగ్‌కి ఇసుక జల్లించినప్పుడు జల్లెడలో మిగిలిపోయే గరుకు ఇసుక ఉంటుంది చూడండి, మనకి కావాల్సింది అదే, కిందపడే సన్న ఇసుక గట్టిగా అతుక్కుపోతుంది. అడుగున చిల్లున్న చిన్న మట్టి కుండీలో నాటి వారం దాకా నీళ్లు పోయొద్దు. తర్వాత కూడా మట్టి పూర్తిగా ఆరాకే. ఆకులు ముడతలు పడతాయి, కంగారుపడొద్దు, మూడు నాలుగు వారాలకు ఆ ముడతలు పోయి మళ్లీ నిండుగా అయ్యాయంటే వేళ్లు వచ్చినట్టే.

చెల్లెల్ని మళ్లీ కొమ్మలు అడిగేటట్టయితే ఉక్కపోత తక్కువగా ఉండే అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి లోపు అడగండి.

ప్రశ్న: యుఫోర్బియా (జెముడు జాతి మొక్క) కొమ్మ కోస్తే పాలు కారుతున్నాయి. అలాగే ఆరబెట్టొచ్చా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ పాలు ఆగేదాకా కోసిన చోటు నీళ్లతో కడిగి, తర్వాత ఆరబెట్టండి. చేతులకు గ్లవుజులు తప్పనిసరి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లలు దగ్గర్లో ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.