పంపు అలారం మోగితే?

ప్రశ్న: లుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో) బాధపడుతున్న మా అబ్బాయికి బ్లినాటుమోమాబ్ మందును 28 రోజులు చిన్న పంపుతో ఇంటివద్దే ఎక్కిస్తామన్నారు. పంపు ఆగితే గొట్టాన్ని మేమే సెలైన్‌తో శుభ్రం చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. ఈ యాంటీబాడీ మందు ఒంట్లో కొద్ది గంటల్లోనే తరిగిపోతుంది కనుకనే రాత్రింబవళ్లు సన్నని ధారగా ఇస్తారు. గొట్టంలో నిలిచిన మందును సెలైన్‌తో నెడితే అది ఒక్కసారిగా రక్తంలో చేరి ప్రమాదం తెస్తుంది. అలారం మోగితే గొట్టం మడతపడిందా, క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) మూసుకుందా, బ్యాటరీ తగ్గిందా అని చూస్తూనే ఆసుపత్రి అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. 4 గంటలకు మించి మందు ఆగితే వైద్యుల పర్యవేక్షణలోనే మళ్లీ మొదలుపెట్టాలి. మందు సంచి మార్చడం శిక్షణ పొందిన నర్సు పని. మొదటి కొన్ని రోజులు ఎలాగూ ఆసుపత్రిలోనే ఉంచుతారు. ఇంటికి వచ్చాక రోజూ అబ్బాయిచేత ఒకే వాక్యం నోటుపుస్తకంలో రాయించండి. పిల్లల ఆటలా కనిపించినా, నిన్నటి దస్తూరి ఇవాళ వంకరపోయిందంటే మందు మెదడుపై ప్రభావం చూపుతోందని అనుమానించి, జ్వరం వచ్చినప్పటిలాగే ఆలస్యం చేయక వైద్యులకు చెప్పాలి.